కుంకుడు నురుగు, యూనిఫాం తెలుపు



జూలై నెల పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయిపోయాక ఒక అమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది: “మేడం, సర్ఫ్ మొత్తం బంద్ చేసి కుంకుడుకాయలతోనే బట్టలు పిండితే నడుస్తదా?”

సర్ఫ్ అంటే ఆమె ఉద్దేశం ఏ కంపెనీ పొడి అయినా అని. మన దేశంలో సర్ఫ్ 1959లో అమ్మకానికి వచ్చింది. పదేళ్ల తర్వాత, 1969లో, అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి దగ్గరే పొడి తయారుచేసి సైకిల్ మీద తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు. అదే నిర్మా. చవక ధరతో అది మామూలు ఇళ్లకు కూడా చేరింది. అయినా మన వైపు కిరాణం షాపులో ఏ ప్యాకెట్ కొన్నా దాని పేరు సర్ఫే.

ఆ అమ్మ ఊరికే అడగలేదు. ఆమె పాప 4వ తరగతి. మెడ చుట్టూ, సరిగ్గా కాలర్ తగిలే చోట, ఎర్రగా దద్దుర్లు వచ్చేవి. రాసుకుంటూ ఉంటే ఎడమ చెయ్యి దానంతట అదే కాలర్ లోపలికి పోయేది. ఎవరో పంపిన వీడియో చూసి ఆమె ఇంట్లో ఉన్న పొడి ప్యాకెట్లన్నీ పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. మూడు వారాలు కుంకుడుకాయల రసంతోనే ఇంటిల్లిపాది బట్టలూ పిండింది. దురద తగ్గింది. కానీ తెల్ల యూనిఫాం మెల్లగా పాత కాగితం రంగుకు మారింది. శనివారం నీట్‌నెస్ స్టార్ ఇచ్చేటప్పుడు పాపకు స్టార్ రాలేదు. ఇంటికి పోయి వాళ్లమ్మతో ఒకటే మాట అందట: “దురద వస్తే రానీ, నాకు సర్ఫే వెయ్యి.”

తొమ్మిదేళ్ల పాప దురదకన్నా స్టార్ ముఖ్యం అనుకుందంటే, ఆ ప్రశ్నకు ఔననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పి పంపేయడం నాకు సరికాదనిపించింది. 7వ తరగతికి ఆమ్లాలు, క్షారాల పాఠం ఎలాగూ చెప్పాలి. దాన్ని ఈ ప్రశ్నతో కలిపి కోరుట్ల బ్రాంచిలో రెండు వారాలు చేశాం. జగిత్యాల, సిరిసిల్ల బ్రాంచిల పిల్లలూ నీళ్లు పంపి సాయం చేశారు. అక్కడ మేం చూసినదాన్ని మీకు రాస్తున్నాను.

మొదటిరోజు నీళ్లు. బట్టల గురించి మాట్లాడేటప్పుడు అందరం సబ్బు గురించే మాట్లాడతాం, నీళ్లను మరిచిపోతాం. ఒకే రకం బాటిళ్లలో సగం సగం వాన నీళ్లు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు, కోరుట్లలో ఒకరి ఇంటి బోరు నీళ్లు, సిరిసిల్లలో మా ఇంటి బోరు నీళ్లు, జగిత్యాల నుంచి వచ్చిన బోరు నీళ్లు పోశాం. ఒక్కో దాంట్లో బట్టల సబ్బు తురుము చిటికెడు వేసి, మూత పెట్టి, ఇరవై సార్లు ఊపించాం. వాన నీళ్లలో నురుగు బాటిల్ మెడ దాకా వచ్చింది. బోరు నీళ్లలో నురుగు లేదు సరికదా, పాలు విరిగినట్టు తెల్లటి తరకలు తేలాయి. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని కరగని పదార్థంగా మార్చేస్తాయి. సబ్బు పని మురికిని లాగడం. ఇక్కడ అది నీళ్లతో పోట్లాడటానికే అయిపోతుంది. ఆ తరకలే బట్ట దారాల మధ్య చేరి, తువ్వాలను గట్టిగా, గరుకుగా చేస్తాయి. బకెట్ అంచుకు తెల్లగా పట్టుకునేది కూడా ఎక్కువగా అదే.

తర్వాత అవే నీళ్లలో సబ్బుకు బదులు కుంకుడు రసం వేశాం. అన్ని బాటిళ్లలోనూ నురుగు వచ్చింది. బోరు నీళ్లలో కూడా. పిల్లలు చప్పట్లు కొట్టారు. కుంకుడు తోలులో సపోనిన్లు అనే పదార్థాలుంటాయి. వాటి అణువుకు ఒక చివర నూనెను, ఇంకో చివర నీళ్లను ఇష్టపడే గుణం ఉంటుంది. సబ్బుకూ అదే గుణం ఉంది. కానీ సబ్బులా కాల్షియంతో కలిసి విరిగిపోవు. కుంకుడు చెట్టు జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సపిండస్. లాటిన్‌లో సపో అంటే సబ్బు, ఇండికస్ అంటే భారతదేశానిది. ఈ రెండూ కలిసి ఆ పేరయింది. మన పెరట్లో చెట్టుకు ‘భారతదేశపు సబ్బు’ అని పేరు పెట్టుకుని, మనం మాత్రం అది తలంట్లకే అనుకుంటున్నాం.

రెండోరోజు పసుపు. మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల పిల్లలకు పసుపు గురించి చెప్పాల్సింది లేదు. సగం మంది ఇళ్లలో అది పంట. పసుపు ముద్దను తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టి, ముక్కలు కోసి, ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వేయించాను. డిటర్జెంట్ పొడి నీళ్లు వేసిన చోట కాగితం ఎర్రటి ఇటుక రంగుకు తిరిగింది. సబ్బు నీళ్లు, కట్టెల బూడిద నానబెట్టి వడకట్టిన నీళ్లు వేసినా అంతే. కుంకుడు రసం చుక్క పడిన చోట పసుపు పసుపుగానే ఉంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. కుంకుడు రసంలో క్షారం లేదు, కాస్త ఆమ్ల గుణమే ఉంది. పప్పు ఒలికిన తెల్ల అంగీకి సబ్బు పెట్టగానే మరక ఎర్రగా మారితే “అయ్యో, రంగు పట్టేసింది” అని మనం భయపడతాం కదా, అది ఈ లెక్కే. నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది. పిల్లలు దాన్ని ఎర్రగా, పసుపుగా, మళ్లీ ఎర్రగా మార్చుకుంటూ బెల్లు కొట్టినా లేవలేదు. ఇక ఆ మరక పోవడానికి నాకు తెలిసిన మంచి మందు ఎండ. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. ఉతికి, తడిగా ఉండగానే ఎండలో పరిస్తే రెండు మూడు రోజుల్లో తేలికైపోతుంది.

ఈ క్షారం సంగతి చర్మానికీ బట్టకూ రెండింటికీ ముఖ్యం. పట్టు, ఉన్ని మన వెంట్రుకల్లాగే ప్రొటీన్‌తో తయారైనవి. క్షారం వాటిని తినేస్తుంది. పట్టుచీరలను కుంకుడు రసంలో ముంచి తీయాలని మన పెద్దవాళ్లు చెప్పడానికి కారణం ఇదే. వాళ్లకు పీహెచ్ అనే మాట తెలియదు, చీర సంగతి తెలుసు.

ఇక్కడ ఒక అబ్బాయి గురించి చెప్పాలి. “సబ్బులు రాకముందు బట్టలు దేంతో ఉతికేవాళ్లు?” అని క్లాసులో అడిగితే అందరూ కుంకుడు, శీకాయ అన్నారు. వెనక బెంచీలో ఒక చెయ్యి సగం లేచి దిగిపోయింది. నేను పేరు పెట్టి పిలిస్తే నెమ్మదిగా అన్నాడు, “సౌడు మేడం.” పక్కవాళ్లు నవ్వారు. ఆ అబ్బాయి తాత చాలా ఏళ్లు ఊరి బట్టలు ఉతికిన రజక వృత్తిదారు. ఆ విషయం క్లాసులో తెలియడం వాడికి ఇష్టం లేదని నాకు అర్థమైంది. అందుకే తాత ప్రస్తావన లేకుండా, సౌడు అంటే ఏమిటో బోర్డు మీద రాశాను.

వానలు తగ్గాక కొన్ని నేలల మీద తెల్లగా పొడిలాగా పొంగుతుంది కదా, ఆ చౌడు మన్నులో సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ ఉంటాయి. సోడియం కార్బొనేట్ అంటే వాషింగ్ సోడా. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న డిటర్జెంట్ ప్యాకెట్ వెనక చూడండి. సోడా యాష్ అనో, సోడియం కార్బొనేట్ అనో చాలావాటిపై ఉంటుంది. అంటే పొలం గట్టు మీది తెల్ల మన్నును ఏరి, నానబెట్టి, తేట తీసి, ఆ నీళ్లలో బట్టలు ముంచి, బట్టీ పెట్టి ఆవిరితో ఉడికించిన మనుషులకు, కంపెనీల కంటే ముందే ఈ పొడిలోని ఒక ముఖ్యమైన సరుకు ఏమిటో తెలుసు. సోడా నీళ్లలోని కాల్షియాన్ని అడుక్కు దింపి నీళ్లను మెత్తబరుస్తుంది, జిడ్డును వదిలిస్తుంది. వేడి ఆవిరి మిగిలిన పని చేస్తుంది. ఇదంతా చెప్తుంటే నవ్విన పిల్లలు నోట్సు రాసుకోవడం మొదలుపెట్టారు. ఎందుకంటే పరీక్షకు వస్తుందేమోనని. ఏ కారణమైతేనేం.

మర్నాడు ఆ అబ్బాయి క్యారీ బ్యాగులో రెండు గుప్పిళ్ల సౌడు తెచ్చాడు. తాత ఇచ్చి పంపాడట. సాయంత్రం ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్తే ఆయన అన్న మాట ఇది: “సౌడు నూలుబట్టకే మేడం. పట్టుచీరెకు పెట్టకుండ్రి, తింటది. చేతులకు గూడ మంచిది కాదు.” పిల్లల చేత ముట్టించవద్దని రెండుసార్లు చెప్పాడు. ఆ ‘తింటది’ అనే మాటే మర్నాడు బోర్డు మీద ‘క్షారం, ప్రొటీన్’ అనే రెండు మాటల పక్కన రాశాను. సౌడు నీళ్ల చుక్క మాత్రం నేనే గ్లవ్స్ వేసుకుని పసుపు కాగితం మీద వేశాను. డిటర్జెంట్ కంటే ముదురు ఎరుపు వచ్చింది.

అంటే ‘సహజం’ అని పేరు పెట్టినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. కుంకుడు మెత్తన, సౌడు ఘాటు. రెండూ నేల నుంచి వచ్చినవే.

ఇప్పుడు తెలుపు దగ్గరకు వద్దాం. పాప యూనిఫాం మురికిగా ఉండి స్టార్ పోలేదు. ఆ అంగీని నేను చేత్తో పట్టుకుని చూశాను. కాలర్ దగ్గర జిడ్డు గీత కొంచెం ఉంది, అది నిజం. దాని సంగతి తర్వాత చెప్తాను. మిగతా అంగీ అంతా శుభ్రంగానే ఉంది, వాసన లేదు. మరి ఎందుకు అలా కనిపించింది?

చాలా డిటర్జెంట్ పొడులలో మెరుపునిచ్చే పదార్థాలు కలుపుతారు. వాటిని ఆప్టికల్ బ్రైటెనర్లు అంటారు. అవి మురికిని తీయవు. బట్టకు అంటుకుని ఉండిపోయి, ఎండలోని మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని తీసుకుని, నీలి కాంతిగా బయటికి వదులుతాయి. తెల్లబట్ట పాతబడితే పసుపు పచ్చగా కనిపిస్తుంది. దానికి కాస్త నీలం కలిస్తే మన కంటికి తెల్లగా తోస్తుంది. ఫంక్షన్ హాల్లో డీజే దగ్గర ఊదారంగు లైటు వేసినప్పుడు తెల్ల చొక్కాలు మాత్రమే వెలిగిపోవడం మీరు చూసే ఉంటారు. ఆ వెలుగు ఇదే. కొత్త తెల్లబట్టలకు మిల్లులోనే ఈ మెరుపు పట్టిస్తారు. ఉతికేకొద్దీ అది తగ్గుతుంది, పొడి దాన్ని మళ్లీ మళ్లీ భర్తీ చేస్తుంది. కుంకుడుకు ఆ పని రాదు. పైగా దాని రసానికి సొంతంగా ఒక గోధుమ రంగు ఉంది. శీకాయకు ఇంకా ఎక్కువ.

మన పాతకాలం వాళ్లు ఇదే పనికి నీలిమందు వాడేవాళ్లు. 1983లో కేరళలో మొదలైన ఉజాలా చుక్కలు కూడా ఆ కోవలోవే. నీలం కలిపి పసుపును దాచడం. అది తప్పేమీ కాదు. పౌడర్ పూసుకున్నట్టు అన్నమాట. కానీ పౌడర్ పూసుకున్న ముఖాన్నే కడిగిన ముఖం అనుకోకూడదు కదా.

అందుకే మా బ్రాంచిలో క్లాస్ టీచర్లందరం కూర్చుని మాట్లాడుకున్నాం. శనివారం స్టార్‌కు ఇప్పుడు చూసేవి: గోళ్లు, జుట్టు, కాలర్ లోపలి వైపు, చంకల దగ్గర వాసన, షూ. అంగీ ఎంత మెరుస్తోందో చూడం. ఇన్‌చార్జి గారు ఒప్పుకున్నారు. ఇది చిన్న మార్పే. కానీ మూడు జతలు కొనిచ్చే స్తోమత ఉన్నవాళ్ల పిల్లలకూ, ఒకే జతను రెండేళ్లు వాడే పిల్లలకూ మధ్య ఉన్న తేడా ఎక్కువగా ఆ మెరుపులోనే కనపడుతుంది. దానికి మేం స్టార్లు ఇవ్వడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

కాలర్ జిడ్డు విషయం. మా సిరిసిల్లలో మరమగ్గాల మీద నేసే బట్టలో పాలిస్టర్ వాటా చాలా ఎక్కువ. 2017 నుంచి ప్రభుత్వం నేయించిన బతుకమ్మ చీరలు కూడా చాలావరకు అదే నూలు. మన పిల్లల యూనిఫాంలు ఎక్కడ నేసినా పాలిస్టర్, పత్తి కలిసిన గుడ్డే. పాలిస్టర్‌కు ఒక గుణం ఉంది. నీళ్లను పీల్చదు, త్వరగా ఆరుతుంది, ముడతలు పడదు, కానీ నూనెను వదలదు. మెడ మీది చెమటలో ఉండే జిడ్డు దానికి పట్టుకుంటే ఒంటరిగా కుంకుడు రసం దాన్ని తీయలేదు. ఆ అమ్మ పడిన కష్టం అంతా ఇక్కడే వృథా అయింది. మన అమ్మమ్మలు కుంకుడుతో ఉతికినవి పట్టు, నూలు. ఈ గుడ్డ అప్పుడు లేదు.

ఇంకో పాత అలవాటు గంజి. మగ్గం ఎక్కే ముందు పడుగు నూలుకు గంజి పట్టించడం సిరిసిల్లలో పుట్టినవాళ్లకు తెలిసిందే. దానివల్ల దారం తెగదు. ఇంట్లో నూలు అంగీలకు, చీరలకు పల్చటి అన్నం గంజి పెడితే మురికి దారం లోపలికి పోకుండా పైన గంజికే అంటుకుని, ఉతికినప్పుడు గంజితో పాటే పోతుంది. మెట్‌పల్లి ఖాదీ కట్టేవాళ్లు ఇప్పటికీ పెడతారు. పాలిస్టర్‌కు పెట్టి లాభం లేదు, నిలవదు.

ఇంతకీ ఇంట్లో ఏం చేయాలి? ఇవన్నీ చేసి చూశాక నా అభిప్రాయం చెప్తాను. పొడిని పూర్తిగా మానేయాల్సిన పని లేదు. అన్నింటికీ పొడి వేయాల్సిన పని అంతకంటే లేదు.

పట్టు, ఉన్ని స్వెటర్లు, రంగు వెలిసే నూలు చీరలు, చంటిపిల్లల నూలుబట్టలు, పెద్దగా మురికి పట్టని దుప్పట్లు, ఇవన్నీ కుంకుడుకు బాగా సరిపోతాయి. పది పన్నెండు కాయలు కొట్టి గింజలు తీసేయండి. గింజలో సరుకు లేదు, అంతా తోలులోనే ఉంది. తోలును అర లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పావుగంట మరిగించి, చేత్తో పిసికి, పల్చటి బట్టలో వడకట్టండి. సరిగ్గా వడకట్టకపోతే గోధుమ రంగు మరకలు పడతాయి. ఈ రసం బయట ఉంటే రెండు మూడు రోజుల్లో పులిసి వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో వారం దాకా ఆగుతుంది. ఎక్కువ చేసి దాచుకోవద్దు. మెషీన్ ఉన్నవాళ్లు తోలు ముక్కలను పాత సాక్సులో వేసి మూతి గట్టిగా కట్టి డ్రమ్ములో పడేయొచ్చు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, చల్లటి నీళ్లలో రసం సరిగ్గా దిగదు. నురుగు తక్కువ వస్తే ఉతకలేదని అనుకోకండి. నురుగుకూ ఉతుకుకూ మనం అనుకునేంత సంబంధం లేదు.

యూనిఫాంకు మాత్రం కాలర్, కఫ్‌ల మీద మామూలు బట్టల సబ్బు రుద్ది, పది నిమిషాలు ఆగి బ్రష్ చేయండి. తర్వాత తక్కువ పొడితో ఉతకండి. మనలో చాలామంది ప్యాకెట్ మీద రాసినదానికంటే గుప్పెడు ఎక్కువే వేస్తాం. ఆ ఎక్కువైన పొడి బట్టలోనే ఉండిపోయి, చెమట పట్టినప్పుడు చర్మానికి తగులుతుంది. దద్దుర్లు వచ్చే పిల్లలున్న ఇంట్లో పొడి సగం చేసి, ఒకసారి ఎక్కువ జాడించండి. చివరి నీళ్లలో ఒక నిమ్మకాయ రసమో, ఒక మూత వంట వెనిగరో కలిపితే మిగిలిన క్షారం విరుగుతుంది. కొత్త యూనిఫాంను ఉతక్కుండా తొడిగించొద్దు, గుడ్డకు నిగనిగ రావడానికి పట్టించిన మందులు దాంట్లో ఉంటాయి. రక్తం, పాలు, గుడ్డు మరకలకు ముందు చల్లటి నీళ్లే. వేడినీళ్లు పోస్తే ప్రొటీన్ ఉడికి మరక నిలిచిపోతుంది.

వీడియోలలో కనిపించే ఒక చిట్కా గురించి తప్పకుండా చెప్పాలి. వంట సోడా, వెనిగర్ కలిపి ఉతకమంటారు. రెండూ కలిస్తే బుసబుసా పొంగుతుంది, చూడటానికి బాగుంటుంది. మా 7వ తరగతి పిల్లలు ఆ పొంగు చూశాక మిగిలిన నీళ్లతో జిడ్డు గుడ్డ ఉతికారు. వట్టి నీళ్లతో ఉతికినదానికీ దీనికీ తేడా కనపడలేదు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. విడివిడిగా, ముందొకటి తర్వాతొకటి వాడితే పనికొస్తాయి.

అది పనికిరాని చిట్కా మాత్రమే, ప్రమాదం లేదు. ప్రమాదమైనది వేరే ఉంది. తెల్లబట్టల కోసం బ్లీచింగ్ పౌడర్ నానబెట్టిన నీళ్లలో వెనిగర్, నిమ్మరసం, బాత్రూం యాసిడ్ ఇలాంటివేవీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. సహజమైన నిమ్మకాయే కదా అనుకోవద్దు.

కుంకుడుకు కూడా హద్దులున్నాయి. కంట్లో పడితే ఎంత మండుతుందో ఆదివారం తలంట్లలో ఏడ్చిన ప్రతి ఒక్కరికీ తెలుసు. తక్కువ మందికి తెలిసింది ఇంకొకటి: సపోనిన్లు చేపలకు విషం. ప్రపంచంలో చాలాచోట్ల ఈ జాతి కాయలను నలిపి నీళ్లలో కలిపి చేపలు పట్టేవాళ్లు. కాబట్టి కుంకుడు నీళ్లను చెరువులోకో, ఇంట్లో అక్వేరియం పక్కనో వంపకండి. మట్టిలో పోస్తే కుళ్లిపోతుంది. పొడుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఫాస్ఫేట్లు ఉన్న పొడి నీళ్లు చెరువు చేరితే నాచుకు ఎరువు వేసినట్టే.

చివరగా, వీడియోలలో ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. కాయలు కొట్టాలి, నానబెట్టాలి, మరిగించాలి, పిసకాలి, వడకట్టాలి. ఇది ఎవరు చేస్తారు? ఆ మూడు వారాలు ఆ అమ్మ పొద్దున నాలుగున్నరకు లేచింది. ఆయన బీడీ కంపెనీకి వెళ్లే లోపు టిఫిన్, పాప బస్సు వచ్చేలోపు జడలు, మధ్యలో ఈ రసం. “సహజంగా బతకాలి” అనే నిర్ణయం ఇంట్లో అందరూ కలిసి తీసుకుని, పని మాత్రం ఒక్కరి మీద వేయడం న్యాయం కాదు. నాన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే, కాయలు కొట్టడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. పిల్లలు కూడా చేయగలరు, కళ్లకు దూరంగా పెట్టుకుంటే చాలు.

ఆ పాప సంగతి. వాళ్లు కరీంనగర్‌లో చర్మ వైద్యుడికి చూపించారు. ఆయన పూత మందు ఇచ్చి, పొడి తగ్గించమని, బాగా జాడించమని, కాలర్ బటన్ బిగించొద్దని చెప్పాడు. కుంకుడు వాడొద్దని అనలేదు. ఇప్పుడు వాళ్లింట్లో యూనిఫాంకు సబ్బు, కొంచెం పొడి. పాప లోపల వేసుకునే నూలు బనియన్లకు, దుప్పటికి కుంకుడు. మెడ దగ్గర మచ్చ ఇంకా కొద్దిగా ఉంది. రాసేటప్పుడు ఎడమ చెయ్యి నోట్‌బుక్ మీదే ఉంటోంది. పిల్లలకు దద్దుర్లు రెండు వారాలకు మించి ఉంటే మీరు కూడా ముందు డాక్టరుకే చూపించండి, బట్టల సంగతి తర్వాత.

సెప్టెంబర్‌లో వచ్చే సైన్స్ క్లబ్ శనివారాల్లో మూడు బ్రాంచిల్లోనూ ‘మా ఇంటి నీళ్లు’ అని నురుగు పరీక్ష పెడుతున్నాం. మీ ఇంటి బోరు నీళ్లో, నల్లా నీళ్లో ఒక అర లీటరు బాటిల్‌లో నింపి, మూత మీద పిల్లల పేరు, సెక్షన్, ఏ నీళ్లు అన్నది రాసి పంపండి. బాటిల్ ముందుగా సబ్బు లేకుండా కడగాలి, లేదంటే లెక్క తప్పుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరికైనా సౌడు, బట్టీ, నీలిమందు గురించి తెలిస్తే వాళ్లను కూడా రమ్మనండి. కుర్చీలు వేస్తాం.